మతస్వాతంత్ర్యము – దాని మేర



వీరశైవుని యిష్టలింగము కరస్థలమున వెలయును. దాని నర్చించుటకు పూజారి యనుమతి యక్కరలేదు, రాజాజ్ఞ యక్కరలేదు. అట్టి ధర్మము రాజదండమునకు గురియైన సంగతి మనవారెఱుగనిది కాదు. 12వ శతాబ్దమున కల్యాణమునందు చెప్పులు కుట్టు వృత్తివాడగు హరళయ్య కుమారునకును, బ్రాహ్మణ వంశజుడగు మధువరసు కుమార్తెకును వివాహము జరుగగా, బిజ్జలుడు ఆ తండ్రు లిరువురను క్రూరముగా దండించెనని సంప్రదాయము. ఇట్టి గాయమును తలంచుకొను సమాజమునకు అన్యుల యంతఃకరణపు విలువను వేఱుగా బోధింప నక్కరలేదు. అయినను బోధింపవలసియే యున్నది.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము 25వ అధికరణమున అంతఃకరణ స్వాతంత్ర్యమును, మతము నవలంబించుటకు, ఆచరించుటకు, ప్రచారము చేయుటకు హక్కును ఎల్లరకు నిచ్చినది. అయితే ప్రజాశాంతికి, నీతికి, ఆరోగ్యమునకు, ఇతర ప్రాథమిక హక్కులకు అది లోబడి యుండవలెనన్నది. పెక్కుమంది హక్కును తమ కొఱకును, మేరను పొరుగువారి కొఱకును చదువుకొందురు!

1985లో కేరళమున యెహోవాసాక్షుల శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతము పాడనందున బడినుండి తొలగింపబడిరి. వారు గీతము పాడు వేళ అందఱితోపాటు లేచి నిలుచుండువారే. పాడుట మాత్రము తమ విశ్వాసమునకు విరుద్ధమని నోరు మెదపరైరి. 1986లో సుప్రీంకోర్టు వారిని మరల చేర్చుకొనుమని తీర్పు చెప్పెను. ఆ తీర్పు వ్రాసిన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి మన తెలుగువాడే. ఆ విశ్వాసము ఇతరులకు వింతగా తోచునా యని ఆయన తూచలేదు. అది మనఃపూర్వకమైనదా యని మాత్రమే చూచెను. గౌరవముతో నిలుచున్నవాని మౌనము వలన ఎవ్వరికి నష్టము?

మౌనము సంగతి యిట్లుండగా, మ్రోత సంగతి వేఱు. మద్రాసులోని యొక క్రైస్తవ ప్రార్థనామందిరపు ధ్వనివర్ధకముల వివాదమున, ఇరుగుపొరుగువారి ప్రశాంతిని భంగపఱచి ప్రార్థింపుమని ఏ మతమును చెప్పదని 2000లో అదే న్యాయస్థానము పలికెను. చర్చికి చెప్పిన యీ మాట మసీదునకును, దేవాలయమునకును, మన మఠపు జాతరకును సమానమే.

ఇక మన యింటి మాట. ఏకాంతద రామయ్య జైనులతో పందెమొడ్డి, తన తలను శివునకర్పించి మరల పొందెననియు, పిమ్మట జినబింబమును భగ్నము చేసెననియు అబ్బలూరు శాసనము చెప్పుచున్నది. పాల్కురికి సోమనాథుని బసవపురాణమునను ఈ భక్తుని కథ కలదు. తల నర్పించిన భక్తికి నమస్కరింపవలసినదే. ఆ తల ఆయనదే కదా! జినబింబము మాత్రము ఆయనది కాదు. అది వేఱొకరి కరస్థలము వంటిది. వీరభక్తి పేరిట ఈ భేదమును మఱుగుపఱచుట సత్యమునకు తగదు. ఆ కాలపు వైరములు ఆ కాలమువే యని త్రోసివేయుటయు చాలదు, ఏలయన ఆ కథ నేడును మఠములలో చెప్పబడుచునే యున్నది.

పురాణకాలక్షేపము చేయు పెద్దలు ఆ ఘట్టమునకు వచ్చినపుడు ఒక్క క్షణమాగి, ఎదుట కూర్చుండి వినుచున్న బాలుడు మఱునాడు బడిలో జైన బాలుని ప్రక్కన కూర్చుండునని తలపోయుదురు గాక.