ఎన్నికల సొమ్ము – మన చేతులు

(నెహెమ్యా 5:14–18 చదువుకొనుడి)



నెహెమ్యా పండ్రెండు సంవత్సరములు యూదాలో అధికారిగా నుండియు, అధికారికి రావలసిన భత్యమును ముట్టలేదు. ఆయనకు ముందున్నవారు ఆహారము, ద్రాక్షారసమే గాక నలువది తులముల వెండియు జనులయొద్ద తీసికొనుచుండిరి. జనుల భారము చూచి ఆయన మానుకొనెను.

మన పొందూరు ఆమదాలవలస నియోజకవర్గములోనిది. శాసనసభకు నిలుచు అభ్యర్థి 40 లక్షల రూపాయలకు మించి ఖర్చు చేయరాదని 2022లో హద్దు పెట్టిరి. ఫలితము వచ్చిన 30 దినములలోగా లెక్క అప్పగించవలెను. అయితే పార్టీ చేయు ఖర్చునకు హద్దు లేదు. వీధి తలుపు మూసి దొడ్డి తలుపు తెరచినట్లున్నది!

కోడెల శివప్రసాదరావుగారు శాసనసభ స్పీకరుగా నుండగా, 2016లో, 1983 నాటి తమ మొదటి ఎన్నికకు 30 వేలు అయినవనియు, అవియు గ్రామస్థుల చందాలేననియు, 2014లో పదకొండున్నర కోట్లు అయినవనియు చెప్పినట్లు పత్రికలలో వచ్చినది. 2014 నాటి హద్దు 28 లక్షలు. ఆ మాటపై పెద్ద వివాదము రేగినది. నాకు మాత్రము ఆ 30 వేలే మరపునకు రావు. అప్పుడు ఊరు అభ్యర్థికి ఇచ్చినది. ఇప్పుడు అభ్యర్థి ఊరికి ఇచ్చుచున్నాడు. ఇచ్చినవాడు తరువాత లెక్క అడుగక మానునా?

“అది మన సొమ్మే గదా, పుచ్చుకొని నచ్చినవారికే ఓటు వేయుదుము” అని కొందరందురు. వాలుగ చేప దవడతో దూది ఏకి, దినమంతయు నూలు వడికి కొద్దిపాటి కూలి తెచ్చుకొను తల్లి ఆ మాట అనినయెడల ఆమెను కోపించుటకు నాకు నోరు రాదు. అయినను చేయి చాచునప్పుడు ఆమె ఒక మాట ఇచ్చుచున్నది. ఆ మాట నిలుపుకొనినయెడల ఓటు అమ్మినట్లు, తప్పినయెడల అబద్ధమాడినట్లు. చట్టమునుబట్టియు ఇచ్చినవాడే గాక పుచ్చుకొన్నవాడును నేరస్థుడే.

సంఘము సంగతి ఇంకను కష్టము. ఎన్నికల ముందు మందిరమునకు రేకులు వచ్చును, పేరు వ్రాసిన ఫ్యానులు వచ్చును. ఎవరి చేయియు చాచినట్లుండదు. పౌలు చందా సొమ్మును ఒంటరిగా మోయక, నిందకు తావులేకుండ ఇతరులను తోడు తీసికొనెను (2 కొరింథీ 8:20–21). అట్టి కానుక వచ్చినప్పుడు పెద్దలు దానిని ఆదివారము అందరి యెదుట చెప్పి, ఫలితములు వచ్చువరకు తీసికొనము అనవచ్చును. అంతవరకు వానకు వెనుక బల్లలు తడియును. అక్కడ కూర్చుండువారు మన ముసలివారే.