చదివి పెట్టుట చాలునా?

మన నెల్లూరు సముద్రతీర పల్లెలలో చూపులేని సహోదరుని బ్యాంకు లెక్కను, వైద్యుని నివేదికను కంప్యూటరులో చూచి మనము చదివి చెప్పుచున్నాము. అది దయయే. అయితే అతని అప్పు, రోగము, ఇంటి గుట్టు మన చెవిని పడవలసినదేనా?

ఈ బాధ నెరిగిన అంధుడే మార్గము తీసెను. 2006లో ఆస్ట్రేలియా దేశస్థుడు మైకేల్ కరన్ 'ఎన్.వి.డి.ఎ.' అను సాధనమును ఆరంభించెను. అది తెరమీది అక్షరములను చదివి వినిపించును, తెలుగును చదువును, దానికి వెల లేదు. హెడ్‌ఫోను పెట్టుకొనిన యెడల అతడొక్కడే వినును.

కపెర్నహూములో పక్షవాయువు గలవానిని మోసిన నలుగురు ఇంటికప్పు విప్పవలసి వచ్చెను (మార్కు 2). మనకంత శ్రమ లేదు. మందిరపు గదిలో కుటుంబములన్నిటికి ఒక కంప్యూటరు నుంచి, ఆ సాధనమును అమర్చి, మెట్ల ప్రక్క వాలుదారి కట్టి, ఓపికతో నేర్పినచో చాలును. రాబోవు సంఘకూటములో దీనిని ఆలోచింతము.