పాత మిరప గింజ మొలుస్తుందా?





ఇంట్లో డబ్బాలో రెండు మూడేళ్లుగా మూలపడిన మిరప గింజలున్నాయి. ఇప్పుడు నారు పోయాలి. అవి మొలుస్తాయా, మొలవవా? ఒకాయన మంచి రోజు చూడమంటాడు. ఇంకొకాయన "మన రాత ఎట్లా ఉంటే అట్లా" అంటాడు. ధమ్మం మాత్రం "వచ్చి చూడు" అంటుంది. ఏహిపస్సికో అంటే అదే.

ఎట్లా చూడాలి? పది గింజలు లెక్కపెట్టి రాత్రంతా నానబెట్టండి. తడిగుడ్డలో చుట్టి వెచ్చని చోట ఉంచండి. గుడ్డ ఆరకూడదు, నీళ్లూ కారకూడదు. మిరప మొలవడానికి 25 నుంచి 30 డిగ్రీల వేడి బాగుంటుంది. మంచి గింజ వారం పది రోజుల్లో మొలక చూపిస్తుంది. పాతది ఆలస్యం చేస్తుంది, మూడు వారాల దాకా ఓపిక పట్టండి. పదిలో ఐదే మొలిస్తే రెట్టింపు గింజ పోయండి. ఒక్కటీ మొలవలేదా, ఆ గింజ చచ్చినట్టే. ఏ పూజా దాన్ని లేపదు.

ఎందుకు చచ్చింది? పూర్వజన్మ పాపం వల్ల కాదు. గింజకు ప్రాణం ఉంది. డబ్బాలో కూడా సన్నగా ఊపిరి తీస్తూనే ఉంటుంది. తేమ, వేడి తగిలితే దాని సత్తువ తొందరగా తరిగిపోతుంది. బాగా ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో, చల్లని చోట దాచితే ఎక్కువ ఏళ్లు బతుకుతుంది. హేతువు ఉంటే ఫలం ఉంటుంది, హేతువు లేకపోతే ఫలం లేదు. దీన్నే పటిచ్చ సముప్పాదం అంటారు.

సంయుత్త నికాయలోని బీజ సుత్తంలో బుద్ధుడు భిక్ఖువులను ఇదే అడిగాడు. గింజ మంచిదై మట్టీ నీరూ లేకపోతే మొలుస్తుందా? మట్టీ నీరూ ఉండి గింజ చెడిపోతే మొలుస్తుందా? రెండింటికీ వాళ్లు లేదనే అన్నారు. అక్కడ ఆయన చెప్పిన నీరు ఏమిటో తెలుసా? ఆశ, మోజు. ఆ తడి తగిలితే బంధం మొలకెత్తి పెరుగుతుంది.

కాబట్టి మన ఇంట్లో రెండు రకాల గింజలున్నాయి.

ఒకటి ధమ్మం. 1956 అక్టోబరు 14న నాగపూరులో బాబాసాహెబ్ తాను దీక్ష తీసుకొని, లక్షల మంది చేత 22 ప్రతిజ్ఞలు చేయించారు. ఆ ప్రతిజ్ఞలు ఇప్పుడు చాలా ఇళ్లల్లో గోడ మీద పటంలో ఉన్నాయి. పిల్లలకు ఒక్కటీ నోటికి రాదు. ఇంకొన్నాళ్లు అట్లాగే ఉంటే వాళ్ల తరానికి ఆ గింజ మొలవదు.

రెండోది కులం. సంబంధం మాట్లాడేటప్పుడు "వాళ్లు మాలలా, మాదిగలా?" అని మెల్లగా అడుగుతాం. పెండ్లికి ముహూర్తం పెట్టిస్తాం. దీక్ష తీసుకున్నాం గదా, ఆ గింజ చచ్చిందిలే అనుకుంటాం. చావలేదు. అడిగినప్పుడల్లా మనమే తడిపి లేపుతున్నాం.

ఒకదానికి నీళ్లు పోయాలి, రెండోదాన్ని ఎండబెట్టాలి. ఈ ఆదివారం పిల్లలను కూర్చోబెట్టుకొని ఒక ప్రతిజ్ఞ చదవండి, అర్థం చెప్పండి. పై ఆదివారం ఇంకొకటి. ఇంట్లో ఈసారి సంబంధం వస్తే కులం, ఉపకులం అడగకండి. శీలం అడగండి. ముహూర్తం లేకుండా పెండ్లి చేయండి.

చాలా ఏళ్లు వదిలేశాం, ఇప్పుడు మొలుస్తుందా అని దిగులు పడకండి. తడిపి చూడండి.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.