కాయకమునకు తోడు నిలుచుట



చిత్తూరు సీమలో తోతాపురి మామిడి పక్వమునకు వచ్చు వేసవి, గుజ్జు కర్మాగారములలో పనివారికి గిరాకి హెచ్చును. పేదయింటి విద్యార్థి ఆ కూలితో పుస్తకములు కొనుక్కొనును. కాని కాపు జూలైలోనికి సాగును. బడి జూన్‌లోనే తెరచుదురు. హాజరుపట్టీలో వాని పేరెదుట గైర్హాజరు గుర్తు వేయబోవ, ఉపాధ్యాయుడనైన నాకు కలము కదలదు.

కేంద్ర ప్రభుత్వము 2024లో ఆరంభించిన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకమున నెలకు 5,000 రూపాయల భృతి నిర్ణయమైనది. అందు 4,500 ప్రభుత్వము, 500 సంస్థ భరించునట్లు ఏర్పాటు. వార్షికాదాయము 8 లక్షలు మించని కుటుంబములలో 21 మొదలు 24 ఏండ్లవారికై అది ఏర్పడినది. భారము పంచుకొనుట మెచ్చదగినదే. అయితే ఒక సందేహము.

ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యమేరి జీవించెను. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెనని, ఆ యధికమును తిరిగి పోసి రమ్మని భార్య లక్కమ్మ పంపెను. ఈ నియమము కూలివానికేనా? భృతిలో అధికభాగము ప్రభుత్వమే భరించుచుండగా, విద్య నేర్పక ఊరక చాకిరి చేయించుకొను యజమాని తనది కాని బియ్యము మూటగట్టినవాడే.

సెలవులలో దూరపు పల్లెనుండి పనికివచ్చు విద్యార్థికి మన మఠములు బసయు, రెండుపూటల దాసోహమును కల్పించినచో, కర్మాగారమిచ్చిన కూలి ఫీజునకు మిగులును. బడి తెరచునాటికి వానిని విడిచిపుచ్చెదమని యజమానివద్ద మాట తీసుకొనవలసినదియు మఠమే. స్వాములవారికిచ్చిన మాటంత గట్టిగా బడిపంతులికిచ్చిన మాట నిలువదు!