రిమోట్ కింద పెట్టు

చిరంజీవి చిన్నాకి,

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో అయితే "సరే అత్తా, మళ్లీ చేస్తా" అని తప్పించుకుంటావు. అందుకే కాగితం. పక్కింటి కుర్రాడు ఫొటోలు తీసి నీకు పంపుతానన్నాడు. నా దస్తూరీ సంగతి నీకు తెలిసిందే, ఓపిగ్గా చదువు.

మొన్న ఆదివారం పాపతో వీడియోలో మాట్లాడుతుంటే వెనకాల టీవీలో ఆ సింహాల సినిమా నడుస్తోంది. పాప నాతో మాట్లాడింది తక్కువ, వెనక్కి తిరిగి చూసింది ఎక్కువ. లోయలోకి మంద దిగే చోటు వచ్చేసరికి నువ్వు వంటింట్లోంచి గబగబా వచ్చి, రిమోట్ అందుకుని, ముందుకి జరిపేశావు. "వాళ్ల డాడీ ఏడి?" అని అడిగింది పాప. "పనిమీద వెళ్లాడులే" అన్నావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ విద్య నీకు నేర్పింది నేనేరా.

1996 వేసవి. నీకు ఆరేళ్లు. విజయవాడలో మా ఇంటికి సెలవులకి వచ్చావు. మీ మామయ్య వీడియో షాపు నుంచి 'లయన్ కింగ్' క్యాసెట్ అద్దెకి తెచ్చాడు. నీకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఆయనే పక్కన కూర్చుని తెలుగులో కథ చెప్పేవాడు. ఆ దుష్ట సింహం స్కార్ తెర మీదకి రాగానే "అదుగో శకుని" అనేవాడు. నీకు చాలా ఏళ్లు దాని పేరు శకునే. క్యాసెట్ తిరిగి ఇచ్చేస్తామంటే నేల మీద పడి దొర్లావు. అద్దె మీద అద్దె పెరిగి, చివరికి ఆ షాపువాడికి కొత్త క్యాసెట్ ఖరీదు ముట్టింది.

మంద వచ్చే చోట నేను బటన్ నొక్కేదాన్ని. తెరంతా గీతలు గీతలుగా పోయి దుమ్మూ, తండ్రీ, చావూ అన్నీ గుప్పెడు క్షణాల్లో దాటిపోయేవి. ఆపేసరికి ఆ ముంగిసలాంటి టిమోన్, అడవిపంది పుంబా వచ్చి పిల్ల సింహం సింబాని నవ్విస్తుండేవి. నీ లెక్కలో తండ్రి సింహం ముఫాసా ఊరెళ్లాడు. తర్వాత మబ్బుల్లో కనిపించేసరికి "విమానంలో వచ్చాడా?" అని అడిగావు. ఇంటిల్లిపాదీ నవ్వాం, మీ నాన్న తప్ప. "ఎందుకక్కా దాస్తావు, చూడనీ" అన్నాడు. పసివాడు జడుసుకుంటాడని నేనే వినలేదు.

మనం గీతలు చేసి పారేసిన ఆ మంద ఘట్టం రెండున్నర నిమిషాలు. దానికి డిస్నీ స్టూడియోవాళ్లకి రెండేళ్లకు పైగా పట్టింది. సింహాల్ని చేత్తో గీశారు కానీ, వందల వైల్డ్‌బీస్టుల్ని అలా గియ్యడం ఎవరి తరం? అవి ఒకదాన్నొకటి గుద్దుకోకుండా పరిగెత్తడానికి ప్రత్యేకంగా కంప్యూటర్ ప్రోగ్రాం రాసుకున్నారు. విచిత్రం ఏమిటంటే అప్పుడు డిస్నీలో పేరున్న చేతులు చాలావరకు 'పోకహాంటస్' వైపు వెళ్లిపోయాయి, గొప్ప సినిమా అయ్యేది అదేనని. సింహాలది రెండో వరస. 1994లో విడుదలయ్యాక ఏమైందో నీకు చెప్పక్కర్లేదు.

ముప్పై ఏళ్లు దాటినా పిల్లలు దాన్ని ఎందుకు వదలరంటావు? పాటలంటారు, పుంబా వేషాలంటారు. కాదనను. నాకు తోచింది వేరు. అది పిల్లల సినిమా అయివుండి కూడా తండ్రి శవాన్ని పిల్లాడి ముందు పెట్టింది. వాడు లేపి చూస్తాడు, చెవి పట్టి లాగుతాడు, అరుస్తాడు, ఎవరూ రారు. చివరికి ఆ చచ్చిన పంజా కిందకే దూరి పడుకుంటాడు. ఆ సినిమాకి సంగీతం చేసిన హాన్స్ జిమ్మర్‌కి ఆరేళ్లప్పుడే తండ్రి పోయాడు. ముప్పై ఏళ్లు ఆ సంగతి పక్కన పెట్టి బతికినవాడు, ఈ ఘట్టానికి కూర్చున్నప్పుడు రాసింది తన తండ్రి కోసమేనని తర్వాత తనే చెప్పుకున్నాడు. ఆయనకి మొదటి ఆస్కార్ వచ్చింది ఈ సినిమాకే. ముఫాసాకి గొంతిచ్చిన జేమ్స్ ఎర్ల్ జోన్స్ చిన్నప్పుడు నత్తి వల్ల ఏళ్ల తరబడి దాదాపు నోరు విప్పని పిల్లాడు. 2024లో 93 ఏళ్లకి పోయాడు. ఆ వార్త చదివిన రోజు మీ నాన్న గుర్తొచ్చాడు.

2019లో అదే కథ తెలుగు మాటలతో మళ్లీ వచ్చినప్పుడు మీ నాన్నా నేనూ వెళ్లాం. సింబాకి నాని, స్కార్‌కి జగపతిబాబు, ముఫాసాకి రవిశంకర్. పుంబాకి బ్రహ్మానందం, టిమోన్‌కి అలీ అయ్యేసరికి హాలు హోరెత్తింది. సింహాలు మాత్రం నాకు నచ్చలేదు. వెంట్రుక వెంట్రుకా కనిపిస్తుంది, ముఖంలో దుఃఖం కనిపించదు. బొమ్మ సింహం ఏడిస్తే మనమూ ఏడ్చాం, నిజం సింహంలా ఉన్నదాన్ని చూస్తే జూకి వెళ్లినట్టుంది. మంద దిగే చోట మీ నాన్న నా వైపు వంగి "ఇక్కడ నీ బటన్ పనిచెయ్యదక్కా" అన్నాడు.

ఇప్పుడు అందరి చేతిలోనూ ఆ బటనే. వేలితో తోస్తే పది సెకన్లు ముందుకి. పాట నచ్చకపోతే తోసెయ్, మనిషి నచ్చకపోతే తోసెయ్. చావు కబురుకి రెండు చేతులు జోడించిన బొమ్మ పంపితే పరామర్శ అయిపోయినట్టే. మా కాలంలో పీనుగ ఉన్న ఇంటి ముందు నుంచే బడికి వెళ్లేవాళ్లం. ఇప్పుడు పిల్లలకి కోడిపిల్ల చచ్చినా చెప్పరు. చెప్పకుండా పెంచి, పెద్దయ్యాక గుండె రాయి చేసుకోమంటారు. సరే, నా సణుగుడు నీకు కొత్త కాదు.

అసలు సంగతికి వస్తాను. ఆ బటన్ వల్ల నువ్వు చూడనిది ముఫాసా చావొక్కటే కాదు, ఆ తర్వాతి ఘట్టం కూడా. స్కార్ మెల్లగా వచ్చి, ఏం చేశావురా అంటాడు. కావాలని చెయ్యలేదని పిల్లాడు ఏడుస్తాడు. అవునవును అంటూనే, నీ వల్ల కాకపోతే ఆయన బతికుండేవాడంటాడు. మీ అమ్మ ఏమనుకుంటుందంటాడు. పారిపొమ్మంటాడు. ఇంట్లోంచి వెళ్లగొట్టడానికి కోరలే కావాలా, ఆ 'మీ అమ్మ' అన్న మాట చాలు.

మీ నాన్న పెద్దకర్మ రోజున పందిట్లో ఒక పెద్దమనిషి నీ భుజం మీద చెయ్యేసి చెవిలో ఏమన్నాడో నాకు తెలుసు. వెనకాల కొబ్బరికాయలు అందిస్తూ నిలబడింది నేనే. ఇల్లమ్మి అమెరికా వచ్చెయ్యమని నువ్వు ఫోనులో గట్టిగా అన్న మాటా తెలుసు, అదే రాత్రి తమ్ముడికి నొప్పి వచ్చిందనీ తెలుసు. నువ్వు మర్నాడే విమానం ఎక్కావు. మొదటి సంవత్సరీకానికి సెలవు దొరకలేదన్నావు. మీ బాబాయి కొడుకు చేత పెట్టించాం.

నిన్ను తిట్టడానికి రాయట్లేదు. మా నాయనమ్మ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదూ. మీ నాన్నకీ చెప్పలేదు. 1968, నాకు పదహారు. బావి దగ్గర బట్టలుతికి, సబ్బు నీళ్లు కడక్కుండా వదిలేసి, వారపత్రిక వచ్చిందంటే సీరియల్ చదువుకోవడానికి అరుగు మీదకి పరిగెత్తాను. కాసేపటికి చప్పుడు. నాయనమ్మ గట్టు పక్కన పడివుంది. నాలుగు రోజులు మంచంలో ఉండి పోయింది. "పిల్ల నురగ వదిలేసిందట" అని ఇరుగమ్మ పొరుగమ్మతో అంటుంటే విన్నాను. అంతే. ఎవర్నీ ఏమీ అడగలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. టీచర్ ట్రైనింగ్ వంక పెట్టి వెళ్లాను, తర్వాత కావాలనే పార్వతీపురం వైపు ఉద్యోగం చూసుకున్నాను. తొమ్మిదేళ్లలో ఇంటికి వచ్చింది మూడుసార్లు. సంక్రాంతికి రమ్మని మా నాన్న కార్డు రాసేవాడు. జ్వరమనో, పరీక్ష పేపర్లనో జవాబు రాసేదాన్ని.

1977 నవంబరులో దివిసీమ ఉప్పెన రాకపోతే ఇంకెన్నాళ్లు అలా ఉండేదాన్నో. రేపల్లె వైపు ఊళ్లు కొట్టుకుపోయాయని రేడియోలో విని, మనవాళ్లు ఉన్నారో లేరో తెలియక పరిగెత్తుకొచ్చాను. రైళ్లు సరిగ్గా లేవు. కొంత లారీ, కొంత నడక. ఇంటి ముందు కూలిన కొబ్బరిచెట్టు నరుకుతున్న మీసాల కుర్రాణ్ణి "ఎవరు బాబూ నువ్వు?" అని అడిగాను. మీ నాన్న. తమ్ముణ్ణే పోల్చుకోలేకపోయాను.

ఆ రాత్రి దీపం దగ్గర మా అమ్మ ఏదో మాటల్లో, నాయనమ్మ పడిన రోజు పొద్దున చేతిలో గ్లాసు జారిపోయిందనీ, మూతి ఒక పక్కకి లాగేసిందనీ, పడుకోమన్నా వినకుండా బావి దగ్గరికి వెళ్లి పడిపోయిందనీ చెప్పింది. డాక్టరు పక్షవాతమన్నాడట. ఇంట్లో అందరికీ తెలుసు. నాకెవరూ చెప్పలేదు. నేను ఏమనుకుంటున్నానో ఎవరికి తెలుసు గనక చెప్పడానికి? మా నాన్న ఆ తర్వాత పధ్నాలుగు నెలలు ఉన్నాడు. తొమ్మిదేళ్లు పోగొట్టుకుని పధ్నాలుగు నెలలు దక్కించుకున్నాను.

అందుకే ఆ సినిమాలో నాకు మబ్బుల్లో ముఫాసా కన్నా కోతి రఫీకి కర్ర ఇష్టం. సింబా నెత్తి మీద ఠపీమని ఒకటి వేస్తాడు. బడిపంతులమ్మని కదా, ఆ పద్ధతి నాకు అర్థమవుతుంది. ఇంకోటి గమనించావా? సింబా ఇంటికి తిరిగి వచ్చేటప్పటికి నిజం వాడికి తెలియదు. తండ్రిని చంపింది తనేనని నమ్ముతూనే వస్తాడు, తల్లి ఎదుట, అందరి ఎదుట తనే కారణమని ఒప్పుకుంటాడు. స్కార్ చేసిన పని బయటపడేది ఆ తర్వాతే. ముందు రావడం, తర్వాత తెలియడం. పుంబా పక్కన పురుగులు తింటూ కూర్చుంటే ఎప్పటికీ తెలిసేది కాదు.

మీ ఇంట్లో, మీ నాన్న బీరువా కింది అరలో, పట్టాదారు పాసుపుస్తకాల కింద ఒక పచ్చ ఫైలు ఉంది. ఆస్పత్రి కాగితాలు. తారీఖులు చూడు. నీ ఫోనుకి ఎనిమిది నెలల ముందువి. నాకు తెలుసు, నీకు చెప్పొద్దని తమ్ముడు నాచేత ఒట్టు వేయించుకున్నాడు. మీ అమ్మకి కూడా పోయాకే తెలిసింది. రెండేళ్లుగా నీకు చెప్పకపోవడం నా తప్పు, దానికి నన్ను ఏమన్నా పడతాను. ఫొటో తీసి మాత్రం పంపను. వచ్చి చూసుకో.

ఇక పనులు. తిథి మాఘ బహుళ పంచమి. ఇంగ్లీషు తారీఖు మీ అమ్మని అడుగు, నన్నడక్కు. వీసా స్టాంపింగ్ అనకు, నీకు గ్రీన్ కార్డు వచ్చి ఏడాది దాటింది. పాప ఓసీఐ కార్డు ఉందో లేదో ఇప్పుడే వెతుకు. టికెట్లు ఈ వారంలో కొను, పది రోజులకి తక్కువ వద్దు. పొలం నీ పేరు మీదకి మార్చడానికి సంతకాలున్నాయి, ఆధార్‌లో ఫోన్ నంబరు పాతదే ఉంటే ముందు అది మార్పించుకోవాలి. మీ అమ్మకి విటమిన్ మాత్రలు పంపడం ఆపు, మూడు సీసాలు అలాగే ఉన్నాయి. ఆమె మోకాళ్లకి విజయవాడలో డాక్టర్ని చూశాను, నువ్వొచ్చాక తీసుకెళ్దువుగాని. ఇల్లు అమ్మాలా వద్దా అన్నది ఆమెతో నువ్వే కూర్చుని మాట్లాడు, కేకలు లేకుండా.

బయల్దేరే ముందు ఒక రోజు పాపని పక్కన కూర్చోబెట్టుకుని ఆ సినిమా మొత్తం చూపించు. రిమోట్ ఎక్కడన్నా పైన పెట్టు. ఏడిస్తే ఏడవనీ, నీకొచ్చినా ఆపుకోకు. ఏమన్నా అడిగితే ఉన్నది చెప్పు.

వెల్లుల్లి కారం కొట్టించాను. పాప తినదేమో, కొంచెం కారం తగ్గించి ఇంకో సీసా వేరే పెట్టాను. బావి గట్టు పాచి పట్టింది, మనిషిని పెట్టి తోమిస్తున్నాను. మీరొచ్చేలోపు అయిపోతుంది.

మీ అత్త