కొండపైని విడిది – అతిథి ధర్మము

యాత్రకు బయలుదేరు గృహస్థునికి మొదట కలుగు చింత తరచుగా దర్శనమును గూర్చినది కాదు. రాత్రి తల దాచుకొను చోటును గూర్చినది. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. దేహమున్నంతవరకు దానికి చాప, నీరు, చలిగాలి సోకని గోడ కావలెను. అయితే ఆ చోటు ఎంత సుఖముగా ఉండవచ్చును? సుఖము భక్తికి అడ్డమగునా? తన ఊరు నీటికి అలమటించుచుండగా మంచుకొండపై మెత్తని పాన్పున శయనించుట ధర్మమేనా? ఈ ప్రశ్న నేడు కేవలము ఊహ కాదు.

అనంతపురం మెట్టసీమ పడమటి కనుమల చాటున పడినది. నైరృతి ఋతుపవనము తన నీటిని కనుమల కావలనే కురిపించి, ఇచటికి దాదాపు వట్టిచేతులతో వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరము దాటి ఇంతదూరము చేరునప్పటికి బలహీనపడును. అందువలన ఏడాదికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుసెనగ విత్తి ఆకాశమువంక చూచుట ఇచటి రైతునకు అలవాటు. ఇట్టి ఇండ్లలో పుట్టి, చదివి, విదేశములలో ఉద్యోగములు పొందిన బిడ్డలు నేడు తల్లిదండ్రులను స్విట్జర్లాండు పర్వతములకు తీసుకొనిపోవుచున్నారు. కొలది గదులు మాత్రమే గల సొగసైన హోటలు. కిటికీ తెరచిన మంచుశిఖరము. కుళాయి త్రిప్పిన తరుగని నీరు. బిందెడు నీటికై వీధికుళాయి వద్ద గంటలు వేచిన తల్లికి ఆ స్నానపుగదిలో సంతోషముతోపాటు ఒక సంకోచము కలుగుట సహజము. ఆ సంకోచమును అమాయకత్వమని నవ్వి త్రోసివేయరాదు.

సుఖపక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు. కొండసీమల విడిది మనకు క్రొత్త కాదు. విజయనగర ప్రభువులు వేసవిలో పెనుకొండలో విడిసెడివారు. అచటి గగనమహలు నేటికిని నిలిచియున్నది. ఏనుగుమల్లమ్మ కొండపై 1870 ప్రాంతమున కడప కలెక్టరు హార్సిలీ బంగళా కట్టుకొనుటచేత ఆ కొండకు ఆయన పేరే నిలిచినది. శ్రీమన్నారాయణుడు సైతము శేషాచలమును, అహోబిలమును తన నెలవులుగా చేసికొన్నాడు గదా! మితిమీరి ఉపవసించువానికిగాని, మితిమీరి భుజించువానికిగాని యోగము సిద్ధింపదని గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున బోధించియున్నాడు. దేహమును శుష్కింపజేయుటయే భక్తి కాదు. వృద్ధులైన తల్లిదండ్రులను సుఖపెట్టుట పుత్రధర్మము. కావున మెత్తని పాన్పు స్వతః పాపహేతువు కాదు.

అయినను సుఖమునకు ఒక స్వభావము కలదు. అది మెల్లగా తలుపులు మూయించును. ‘ఇది నాది, దీనికి నేను వెల చెల్లించితిని’ అను తలంపు గదిలోనికి చల్లగా ప్రవేశించును. ఇచట తిరుక్కోవలూరు వృత్తాంతము స్మరింపదగినది. ఒక వానరాత్రి పొయ్‌గై ఆళ్వారు ఒక ఇంటి ఇరుకు నడవలో తల దాచుకొనెను. అందు ఒకరు పడుకొనవచ్చును. పూదత్తాళ్వారు రాగా ఇద్దరును కూర్చుండిరి. పేయాళ్వారు రాగా ముగ్గురును నిలువబడిరి. అంతట నాల్గవవాడెవడో తమను ఒత్తుచున్నట్లు తోచెను. ఆ నాల్గవవాడు శ్రీహరియే. మొదటివాడు పడుకొను హక్కును విడువకున్నచో రెండవవానికి చోటు లేదు; ఇద్దరును కూర్చుండు హక్కును విడువకున్నచో మూడవవానికి చోటు లేదు. ముగ్గురును నిలుచుటకు సమ్మతించినందుననే భగవంతునికి చోటు కలిగినది. విడిది గొప్పతనము దాని వైశాల్యమున లేదు. మరియొకరికై జరుగు మనస్సున కలదు.

ఆల్ప్స్ పర్వతములు కూడ ఈ ధర్మము నెరుగును. స్విట్జర్లాండు, ఇటలీ దేశముల సరిహద్దు చెంత సముద్రమట్టమునకు దాదాపు 2,470 మీటర్ల ఎత్తున గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ కలదు. పదునొకండవ శతాబ్దిలో బెర్నార్డు అను క్రైస్తవ సాధువు అచట బాటసారులకు సత్రము నెలకొల్పెను. మంచుతుపానులో దారి తప్పినవారిని వెదకి తెచ్చుట అచటి సన్న్యాసుల వ్రతము; వారి కుక్కలు లోకప్రసిద్ధములు. ఆ సత్రము నేటికిని బాటసారులకు ఆశ్రయమిచ్చుచున్నది. హోటలు ‘ఎంత ఇచ్చెదవు?’ అని అడుగును. సత్రము ‘చలిగా నున్నదా?’ అని అడుగును. ఇందుచేత హోటలు దోషము కాదు. దానిపై వంటవారు, పరిచారకులు, గదులు శుభ్రపరచువారు జీవించుచున్నారు. కాని వెల చెల్లించినంతమాత్రమున అతిథి ధర్మము తీరినదని తలంచుట పొరపాటు.

మిగిలిన ధర్మమేమి? రంతిదేవుని చరిత్రము దానిని తెలుపును. నలువదియెనిమిది దినములు నీరైనను లేక యున్న ఆ రాజునకు మరునాడు ఆహారము లభించెను. వచ్చిన అతిథులకు దానిని పంచిపెట్టెను. చివరకు ఒక్కనికి చాలు నీరు మాత్రమే మిగులగా, త్రాగబోవు సమయమున అంత్యజుడొకడు దాహమని వచ్చెను. రాజు ఆ నీటిని వానికే పోసెను. సిద్ధులనుగాని, మోక్షమునుగాని కోరక, సర్వప్రాణుల దుఃఖమును తానే వహింపగోరెను. అందరికిని రంతిదేవుని త్యాగము సాధ్యము కాదు. కాని త్రాగునప్పుడు దప్పికగొన్నవానిని తలచుకొనుట అందరికిని సాధ్యమే.

కరవుసీమ గృహస్థునికి ఈ తలంపు ఇంకను సులభము. అనంతపురము పేరే అనంతసాగరమను చెరువునుండి వచ్చినదని ప్రతీతి. తిరుమలలో శ్రీ రామానుజుల ఆజ్ఞచే పూదోట పెంచుటకు వెళ్ళిన అనంతాళ్వారు, గర్భవతియైన భార్యతో కలసి చెరువు త్రవ్వెను. బాలుని రూపమున సాయపడవచ్చిన స్వామిపై, ‘ఈ సేవ మాది’ యని కోపించి గునపము విసరెనని ఐతిహ్యము. సేవయందును ‘నాది’ అను తలుపు మూతపడవచ్చునని ఈ కథ హెచ్చరించుచున్నది. నేటికిని కొండపై యాత్రికుడు వాడు నీటిలో చాలభాగము గోగర్భము, పాపవినాశనము మున్నగు జలాశయములలో ఒడిసిపట్టిన వాననీరే. మంచుకొండల సంపదయు శాశ్వతము కాదు. 2022, 2023 సంవత్సరములలోనే స్విట్జర్లాండు హిమానీనదముల పరిమాణములో దాదాపు 10 శాతము కరిగిపోయినది. నిండుగా కనుపించు కుళాయి వెనుకను ఒక హద్దు కలదు.

కావున ఆ తల్లి సంకోచమును పోగొట్టవలసిన పని లేదు; దానికి దారి చూపవలెను. వృద్ధులు హాయిగా విశ్రమింతురు గాక. కాని అచటి నీటిని తమ ఊరి నీటివలెనే పొదుపుగా వాడవలెను. పక్క పరచిన పరిచారికను పలుకరించి, ఆమె శ్రమను గౌరవింపవలెను. విడిదికై వెచ్చించిన ధనములో ఒక భాగమును స్వగ్రామమున చెరువు పూడిక తీయుటకో, వేసవిలో చలివేంద్రమునకో సమర్పింపవలెను. అప్పుడు మంచుకొండపై నిద్రించిన ఒక రాత్రి, ఎండలో నడచు అపరిచితునికి చల్లని కడవయై చేరును. నడవలో మరియొకరికై జరిగినవారి నడుమనే గదా స్వామి వచ్చి నిలిచినది!