సరిపోలని పేరు

ఉర్దూలో ముహమ్మద్ అని రాయడానికి నాలుగక్షరాలు చాలు. మీమ్, హే, మీమ్, దాల్. నడుమ పలికే పొట్టి అచ్చుల్ని ఆ లిపి మామూలుగా రాయదు, చదివేవాడే పలుకుతాడు. ఆ పేరే తెలుగులో మహమ్మద్, మహ్మద్, మొహమ్మద్, ముహమ్మద్ అయింది. ఇంగ్లీషులోకి పోయాక రకాలు ఇంకా పెరిగాయి. చివరికి తొందరలో ఉన్న గుమాస్తా చేతిలో ఎమ్, డి అనే రెండక్షరాలకు కుదించుకుపోయింది. షేక్ సంగతీ అంతే. ఉర్దూలో ఉన్నది ఒకటే రాత. ఇంగ్లీషులో మాత్రం ఒకే ఇంట్లో అన్నకు ఒక స్పెల్లింగు, తమ్ముడికి ఇంకొకటి.

ఇందులో ఎవరి తప్పూ లేదు. పొట్టి అచ్చులు రాయని లిపి నుంచి, అచ్చు లేకుండా అడుగు పడని లిపిలోకి పేరు ప్రయాణం చేసింది. బడిలో చేర్చుకున్న పంతులు తాను విన్నట్టు రాసుకున్నాడు, ఓటర్ల జాబితా రాసినాయన తనకు తోచినట్టు రాసుకున్నాడు. దానివల్ల మన ఇళ్లలో ఎవరికీ పెద్దగా ఇబ్బంది రాలేదు. స్పెల్లింగు ఎలా ఉన్నా పోస్ట్‌మాన్ ఉత్తరం ఇచ్చిపోయేవాడు. అతనికి మనిషి తెలుసు.

కంప్యూటరుకు మనిషి తెలియదు, అక్షరాల వరుస తెలుసు. ఒక్క అక్షరం తేడా వస్తే 'పేరు సరిపోలలేదు' అంటుంది. మా అబ్బా పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంది. పింఛను పని మీద ఒక కార్యాలయానికి వెళితే, ఈ ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్ తెమ్మన్నారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి నోటరీ ముందు నిలబడి, తాను తానేనని ప్రమాణం చేసి సంతకం పెట్టాడు. బయటికొచ్చాక, "ఇన్నాళ్లూ నేనెవరిని బేటా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

యంత్రానికి ఇంతకన్నా చేతకాదా అంటే, చేతనవును. అమెరికాలో రాబర్ట్ రస్సెల్ అనే ఆయన 1918లోనే దీనికో పద్ధతి కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. దాన్ని సౌండెక్స్ అంటారు. పేరులో మొదటి అక్షరం ఉంచుకుని, అచ్చులు తీసేసి, దగ్గరగా పలికే హల్లులకు ఒకే అంకె ఇస్తుంది. మన ఉర్దూ లిపిలాగా ఇదీ అచ్చుల్ని చాలావరకు పట్టించుకోదు! ఆ లెక్కలో షేక్‌కున్న స్పెల్లింగులన్నీ ఎస్ 200 అవుతాయి, మహమ్మద్ రూపాలు ఎమ్ 530 దగ్గర కలుస్తాయి. ఎమ్, డి మాత్రం దానికీ అందదు. పోలిక పట్టే తెలివి వందేళ్లుగా ఉంది. కాని పేరు కలవనప్పుడు రుజువు తేవాల్సిన బరువు ఎవరి నెత్తిన పెట్టాలన్నది యంత్రం తేల్చే విషయం కాదు. మనుషులే తేల్చారు, పేరుగలవాడి నెత్తిన పెట్టారు.

ఈ బాధ వెంకటేశ్వర్లుకు మాత్రం లేదా అని మిత్రులు అడుగుతారు. ఉంది. ఆయన పేరునూ ఇంగ్లీషులో పదిరకాలుగా రాస్తారు. అయితే ఆయనకు అది తిరుగుడు, విసుగు, నాలుగు జిరాక్సులు. ఖాదర్‌కు అది అనుమానం. 2019 ఆగస్టు 31న అస్సాంలో పౌర పట్టిక తుది జాబితా వచ్చినప్పుడు 19 లక్షల మందికి పైగా అందులో లేరు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. ఆ డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. మన ఊళ్లలో ముస్లిములు ట్రంకుపెట్టెలు తెరిచి తాతల కాగితాలు వెతకడం మొదలుపెట్టారు. స్పెల్లింగు అంత భయపెట్టగలదని అంతకుముందు మాకు తెలియదు.

ఆడవాళ్ల సంగతి మరీ విచిత్రం. బీ, బేగం అనేవి మర్యాదకు చేర్చే మాటలు. ఇంటిపేరు గడిలో ఏదో ఒకటి నింపాలి గనక అవే ఇంటిపేర్లయ్యాయి. భర్త షేక్, భార్య బేగం, కూతురు సుల్తానా. ముగ్గురికీ చుట్టరికం ఉందని మళ్లీ ఒక కాగితం. 2022 నవంబరులో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, పాస్‌పోర్టులో ఒంటి పేరున్న వాళ్లను విజిట్ వీసా మీద రానివ్వమంది. తండ్రి పేరో ఇంటిపేరో రెండో పేజీలో ఉంటే చాలని తర్వాత సడలించారు. అరబ్బీ పేరు పెట్టుకున్న కడప మనిషిని అరబ్బు దేశం 'మిగతా పేరేదీ?' అని అడగడం చూస్తే, ఇది మతం సంగతి ఒక్కటే కాదని అర్థమవుతుంది. గడి గీసినవాడు తన ఇంటి పేర్లను చూసి గీస్తాడు.

పేరు ఎవరిది? పెట్టిన వాళ్లదా, పిలిచే ఊరిదా, రాసుకున్న రికార్డుదా? పుట్టిన బిడ్డ చెవిలో అజాన్ చెప్పి, పేరు పెట్టి పిలుచుకుంటాం. అప్పుడు అది ధ్వని, అక్షరం కాదు. నాగూర్ దర్గాకు మొక్కుకుని పుట్టినవాడు నాగూర్, జాన్‌పహాడ్ మొక్కు సైదులు. సైదులు పేరు హిందువుల ఇళ్లలోనూ ఉంది. ఇలాంటి పేర్లు ఇప్పుడు తగ్గుతున్నాయి. దర్గా పేర్లు సరైన పేర్లు కావని మనలోనే కొందరు బోధించడం కొంత కారణం, దాన్ని దాచనక్కరలేదు. మిగతా కారణం కీబోర్డు. పొట్టిగా, ఎవరు రాసినా ఒకేలా ఉండే పేర్లు వెతుకుతున్నారు. తల్లిదండ్రులను నేను తప్పుపట్టను, రేపు క్యూలో నిలబడేది వాళ్ల పిల్లలే. కాని దాన్ని ఆధునికత అంటే మాత్రం ఒప్పుకోను. భయానికి అది మర్యాదైన పేరు.

మొన్న మా బంధువుల ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. నానీ ఐదారు పేర్లు చెప్పింది, ఒక్కోదాని అర్థం చెప్పి మురిసిపోయింది. పిల్ల తండ్రి ఫోను చేతిలో పట్టుకుని, ఒక్కో పేరూ ఇంగ్లీషులో ఎన్ని విధాలుగా రాయొచ్చో లెక్కపెడుతూ కూర్చున్నాడు.